చిన్నప్పుడు ‘అమ్మవారు’ పోసింది... ఇప్పుడు తట్టు టీకా అవసరమా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను 1992లో పుట్టాను. మా కన్నవారిల్లు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర పల్లెటూరు, అత్తవారిది ఒడిశాలోని పర్లాఖిమిడి. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకు చెబుతాను. ఈమధ్య మా క్లాసులో ఇద్దరు పిల్లలకు తట్టు వచ్చింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ‘నీకు చిన్నప్పుడే అమ్మవారు పోసింది, ఇంక రాదు’ అంటోంది మా అమ్మ. నా భుజం మీద టీకా మచ్చ కూడా ఉంది. కార్డు మాత్రం లేదు. మాకు నాలుగేళ్ల బాబు ఉన్నాడు, రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. మా వారు 1983లో పుట్టారు, మందుల షాపులో పనిచేస్తారు. అత్తగారు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ వాడుతున్నారు. నేను టీకా వేయించుకోవాలా? ముందు రక్తపరీక్ష చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, పర్లాఖిమిడి

జవాబు: అమ్మా, మీరు వేయించుకోవాలి. అయితే ఇప్పుడు గర్భం లేదని తేల్చుకున్నాకే. రెండో బిడ్డ కోసం చూస్తున్నామని రాశారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

మీ భుజం మీద మచ్చ తట్టు టీకాది కాదు. అది పుట్టినప్పుడు క్షయ రాకుండా వేసే బీసీజీ మచ్చ. మీ అమ్మగారి వయసువాళ్ల చేతి మీద కనిపించే పెద్ద మచ్చ మశూచి టీకాది. తట్టు టీకా ఏ మచ్చా మిగల్చదు. మచ్చ చూపించి ‘నాకు అన్ని టీకాలూ పడ్డాయి డాక్టర్ గారూ’ అనేవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తారు.

ఇక అమ్మవారి సంగతి. మన ఊళ్లలో ఒళ్లంతా పొక్కితే చాలు, అమ్మవారు పోసిందంటారు. అది తట్టు కావచ్చు, ఆటలమ్మ కావచ్చు, వేరే వైరస్ జ్వరమైనా కావచ్చు. మీ అమ్మగారిని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి. పొక్కుల్లో నీళ్లు పట్టి, తర్వాత చెక్కు కట్టాయా? అయితే అది ఆటలమ్మ, దానికీ తట్టుకీ సంబంధం లేదు. అలా కాకుండా మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం ఉండి, ఆ తర్వాత చెవుల వెనక, నుదుటి దగ్గర మొదలైన ఎర్రటి దద్దుర్లు మెల్లగా కిందికి దిగాయా? అయితే తట్టు అయ్యుండొచ్చు. మీ ఒడియా ఇరుగుపొరుగు ‘మిళిమిళా’ అనేది దీన్నే. నిజంగా తట్టు వచ్చినవాళ్లకు మళ్లీ రాదు, ఆ మాటలో మీ అమ్మగారు చెప్పింది నిజమే. కానీ ముప్పై ఏళ్ల కిందటి జ్ఞాపకాన్ని నమ్ముకుని టీకా మానేయమని నేను చెప్పను.

మీ పుట్టిన సంవత్సరం నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. ‘1957కి ముందు పుట్టినవాళ్లకు అక్కర్లేదు’ అనే మాట ఇంటర్నెట్‌లో కనిపిస్తుంటుంది. అది అమెరికా లెక్క, మనకు పనికిరాదు. మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది 1985లో. అప్పట్లో తొమ్మిదో నెలలో ఒకే ఒక్క డోసు. ఆ వయసులో ఒక్క డోసు వేస్తే నూటికి 85 మందిలోనే రక్షణ ఏర్పడుతుంది. రెండో డోసు ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది 2010లో. ఆ తర్వాత తట్టు, రుబెల్లా (ఒంటి మీద దద్దుర్లు వచ్చే మరో వైరస్ జబ్బు) రెండింటికీ కలిపి ఒకే టీకా పెద్ద ఎత్తున వేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో, ఒడిశాలో 2018లో. అదీ పదిహేనేళ్ల లోపు పిల్లలకే. 1992లో పుట్టిన మీకు ఆనాడు పడి ఉంటే ఒక్క డోసే పడి ఉంటుంది. రెండోది వచ్చేనాటికి మీరు పెద్దవారైపోయారు. మీకంటే పెద్దవాళ్లలో చాలామందికి చిన్నతనంలోనే తట్టు వచ్చి పోయింది, మీకంటే బాగా చిన్నవాళ్లకు రెండు డోసులు అందాయి. మధ్యలో మిగిలింది మీ ఈడువాళ్లే.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పురుటికి కన్నవారింటికి వెళ్తారు. మొదటి టీకాలు అక్కడి ఏఎన్ఎమ్ వేస్తుంది, ఆ రిజిస్టరు ఆంధ్రాలో ఉంటుంది. బిడ్డతో అత్తవారింటికి వచ్చాక ఇక్కడి ఆశా దీదీ పుస్తకంలో ఆ బిడ్డ పేరే ఉండదు. మహేంద్రతనయ నదికి అటు వాళ్లు ‘ఇటు వేయించుకుంటారులే’ అనుకుంటారు, ఇటు వాళ్లు ‘అటే పడి ఉంటుంది’ అనుకుంటారు. ఇలా రెండో డోసు తప్పిన పిల్లల్ని ఎంతమందిని చూశానో. మీ బాబు కార్డు ఈ రోజే తీసి చూడండి. 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి ఉండాలి. రెండోది లేకపోతే ఐదేళ్లు నిండేలోపు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేస్తారు. పాతపట్నంలో పడిన డోసు పర్లాఖిమిడిలోనూ చెల్లుతుంది, మళ్లీ మొదటినుంచి వేయించనక్కర్లేదు.

రక్తపరీక్ష తప్పనిసరి కాదు. ఒంట్లో తట్టు నుంచి రక్షణ ఉందో లేదో చూసే ఐజీజీ పరీక్ష ఉంది, చేయించుకుంటే తప్పేమీ లేదు. కానీ ఒంట్లో తట్టు నుంచి రక్షణ ఉన్నవాళ్లకు ఇంకో డోసు పడినా హాని లేదు. పరీక్ష కోసం తిరిగే ఖర్చు, సమయం టీకాకే పెట్టుకోండి. పెద్దవాళ్లకు ప్రభుత్వ కార్యక్రమంలో లేదు కాబట్టి ప్రైవేటులో ఎంఎంఆర్ టీకా అడగండి, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఇందులో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ రక్షణ ఉంటుంది. చిన్నప్పుడు తట్టు వచ్చిందని రుజువైనా మీకు ఇదే చెప్పేవాణ్ని, కారణం రుబెల్లా. గర్భం మొదటి మూడు నెలల్లో అది సోకితే బిడ్డకు చెవుడు, కళ్లలో శుక్లాలు, గుండె లోపాలు రావచ్చు. తట్టు కూడా గర్భిణికి మంచిది కాదు, గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, న్యుమోనియా భయాలు ఉంటాయి.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసే టీకా, అందుకే గర్భిణులకు వేయం. నెలసరి వచ్చిన వారంలోపు మొదటి డోసు వేయించుకోండి. కనీసం 28 రోజులు ఆగి రెండోది. అది పడ్డాక ఒక నెల గడిచేదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడండి. అంటే రెండో బిడ్డ ఆలోచన రెండు నెలలు వాయిదా, అంతే. పొరపాటున ఈలోపు గర్భం వస్తే భయపడి తీయించుకోవద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి. టీకా తర్వాత వారం, పది రోజులకు కాస్త జ్వరం, దద్దుర్లు రావచ్చు. ఆడవాళ్లలో కొందరికి కొద్దిరోజులు కీళ్లు నొప్పి పెడతాయి, తగ్గిపోతాయి.

మీ వారికి చిన్నతనంలో తట్టు వచ్చి ఉండే అవకాశం ఎక్కువే. అయినా జ్వరంతో వచ్చే ప్రతివాళ్లూ ముందు మందుల షాపు మెట్లే ఎక్కుతారు. రాతపూర్వక ఆధారం లేకపోతే ఆయనా రెండు డోసులు వేయించుకోవడం మంచిది. అత్తగారు వాడే మందులు ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, కాబట్టి అవి వాడుతుండగా ఆవిడకు మాత్రం ఈ టీకా వద్దు. మీరు ముగ్గురూ వేయించుకోవడమే ఆవిడకు రక్ష. మీరు వేయించుకుంటే మీ నుంచి ఆవిడకు తట్టు అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు.

‘పిల్లల జబ్బు కదా, మనకేమవుతుంది’ అనుకునేవాళ్లకు ఒక మాట. కొన్నేళ్ల కిందట ముప్పై నిండని కుర్రాడు జ్వరం, ఎర్రటి కళ్లతో నా దగ్గరకు వచ్చాడు. అప్పటికే ఐదు రోజులుగా డెంగీ అనుకుని ప్లేట్‌లెట్లు లెక్కపెట్టించుకుంటూ తిరిగాడు. అది తట్టు. ఊపిరితిత్తుల్లోకి దిగి వారం పాటు ఆక్సిజన్ మీద ఉన్నాడు, తేరుకున్నాడు. ఈ జబ్బు పెద్దవాళ్లను పిల్లలకంటే గట్టిగానే పట్టుకుంటుంది.

తట్టు వచ్చిన ఆ ఇద్దరు పిల్లలు చివరిసారి క్లాసుకు వచ్చిన రోజు నుంచి మూడు వారాలు మీ ఒంటిని గమనించుకోండి. ఇకముందు క్లాసులో ఇంకెవరికైనా తట్టని తెలిస్తే, ఆ బిడ్డ దగ్గర ఉన్న 72 గంటల్లోపు టీకా పడితే జబ్బును ఆపే అవకాశం ఉంది. గర్భిణి అయితే టీకా కాదు, ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (జబ్బును ఎదిరించే ప్రతిరక్షకాలు) ఇంజెక్షన్ గురించి పెద్దాసుపత్రిలో అడగాలి. మీకే జ్వరం, దద్దుర్లు వస్తే వేపాకులు కట్టుకోండి, నేను కాదనను, కానీ తిండీ నీళ్లూ ఆపొద్దు, మందు మానొద్దు. ఆసుపత్రికి బయల్దేరే ముందు ఫోన్ చేసి తట్టు అనుమానమని చెప్పండి. తట్టు వచ్చినవాళ్లు లేచి వెళ్లాక కూడా రెండు గంటల వరకు వైరస్ గదిలో గాలిలోనే ఉంటుంది, ఆ హాల్లో చంటిపిల్లలూ గర్భిణులూ కూర్చుని ఉంటారు.