అమ్మడూ, ఆ రోబోను అప్పుడే వెనక్కి పంపకు

అమ్మడూ,

నెల్లూరులో మీ ఇంటికి తనంతట తానే తిరుగుతూ ఊడ్చే రోబో వాక్యూమ్ వచ్చిందని, రెండు రోజులకే అది సోఫా కింద ఇరుక్కుని అరుస్తోందని, మీ ఆయన వెనక్కి పంపించేద్దాం అంటున్నాడని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తొందరపడకండి. ఒంగోలులో మా ఇంటికి అది వచ్చి మూడేళ్లు దాటింది. మోకాళ్లు అరిగిపోయి వంగి ఊడవలేని స్థితిలో కొన్నాను, అందుకే దానితో ఎంత అవస్థ పడ్డానో, తర్వాత ఎంత సుఖపడ్డానో రెండూ నాకు తెలుసు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

అది బయల్దేరే ముందు పది నిమిషాల పని నీది. నేల మీద ఉన్నవన్నీ ఎత్తేయాలి, అంతే, కానీ ఆ పని మానేస్తే మాత్రం ఎంత ఖరీదైన రోబో అయినా దండగ. ఛార్జర్ వైర్లు, బాబు సాక్సులు, కుచ్చులున్న డోర్‌మ్యాట్లు, కొబ్బరికాయ పీచు, మరీ ముఖ్యంగా పూలదండ దారం. ఒకసారి మాది హాలు మధ్యలో ఆగి మూలగడం మొదలుపెట్టింది. తిరగేసి చూస్తే బ్రష్ శుభ్రంగానే ఉన్నట్టు కనిపించింది. బ్రష్ ఊడదీసి చివరనున్న ప్లాస్టిక్ మూత లాగాక తెలిసింది అసలు సంగతి: ఇరుసు తిరిగే చోట మల్లెపూల దారం, దాని చుట్టూ నా తలవెంట్రుకలు, మధ్యలో ఎండిపోయిన రేకలు, అన్నీ కలిసి చింతపిక్కంత గట్టి ఉండ అయ్యాయి. కుట్లు విప్పే చిన్న కత్తెరతో కొద్దికొద్దిగా కోసి తీశాను, అరగంట పట్టింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆ మూత తీసి చూస్తాను, రెండు నిమిషాల్లో అయిపోతుంది. నీ జడ నాకంటే పొడుగు కాబట్టి నువ్వు వారానికి రెండుసార్లు చూసుకో.

సోఫా కింద ఇరుక్కోవడం గురించి అంత బెంగ అక్కర్లేదు. లేజర్‌తో చూసే వాటికి నెత్తిన చిన్న బుడిపె ఉంటుంది, దానితో కలిపి ఎత్తు తొమ్మిది పది సెంటీమీటర్లు ఉంటుంది. సోఫా అంచు సరిగ్గా అంతే ఎత్తులో ఉంటే దూరుతుంది గానీ బయటికి రాలేదు. స్కేలుతో కొలిచి చూడు, ఆ సోఫా కాళ్ల కింద రబ్బరు దిమ్మెలు పెట్టి కాస్త ఎత్తు చేయి, లేదా యాప్‌లోని మ్యాపులో ఆ చోటుకు అడ్డగీత గీసేయి. 2002లో రూంబా అనే రోబో వాక్యూమ్ వచ్చినప్పుడు వాటికి ఇంటి మ్యాపు అంటూ ఏమీ ఉండేది కాదు, తగిలిన చోట పక్కకు తిరిగిపోయేవి. ఇప్పటివి చాలావరకు గది ఆకారం గుర్తుపెట్టుకుంటాయి, అది మనం వాడుకోవాలి. మొదటిసారి మ్యాపు గీసేటప్పుడు మాత్రం తలుపులన్నీ తీసి, లైట్లు వేసి, దాని వెనకాలే నడు. అది ఎక్కడ తడబడుతుందో నీ కళ్లతో చూస్తే నీకే తెలిసిపోతుంది. ఇంకొకటి, వైఫైకి కలవట్లేదని కంగారుపడకు. ఈ రోబోల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై రకం మీదే పనిచేస్తాయి, రూటర్‌లో అది ఆన్ చేయమని మీ ఆయనకు చెప్పు.

వంటగది దగ్గర నల్ల పట్టీ రాగానే వెనక్కి తిరిగిపోతోందని మీ అమ్మ చెప్పింది చూడు, అది దాని తప్పు కాదు. మెట్ల మీద నుంచి పడిపోకుండా దాని అడుగున సెన్సర్లు ఉంటాయి. అవి కంటికి కనబడని కాంతిని నేల మీదకు పంపుతాయి, అది తిరిగి వస్తే నేల ఉన్నట్టు, రాకపోతే గుంత ఉన్నట్టు. నలుపు ఆ కాంతిని మింగేస్తుంది. మా హాలంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే నక్షత్రాలు పరిచినట్టుంటుందని మీ పెదనాన్న ముచ్చటపడి వేయించారు. దేశదేశాలు మెచ్చిన ఆ రాయి మీద మా మొదటి రోబో రెండడుగులు వేసి ఆగిపోయేది. మళ్లీ ముందుకు జరిగేది, మళ్లీ ఆగేది. ముందు ఆ సెన్సర్లను పొడిగుడ్డతో తుడిచి చూడు, కొన్నిసార్లు దుమ్ము పట్టి కూడా అలా చేస్తాయి. అయినా ఆగితే, సెన్సర్ల మీద తెల్ల టేపు అంటించమని ఎవరో ఒకరు చెబుతారు. మెట్లున్న ఇంట్లో ఆ పని చేయొద్దు, మెట్లకూ నేలకూ తేడా తెలియక పైనుంచి దొర్లుతుంది. నీకు అడ్డొచ్చేది జానెడు పట్టీ ఒక్కటే కదా, వంటగదిని చీపురుతో ఊడిస్తే సరిపోతుంది. మేము మాత్రం ఆ షాపు వాళ్లను బతిమాలి, మా నేల మీద నడిపించి చూసుకున్నాకే వేరేది తీసుకున్నాం.

గడపల సంగతి మీ అత్తగారితో మాట్లాడి చేయి. ఇవి సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తు ఎక్కుతాయి, మన గడపలు అంతకు రెట్టింపు ఉంటాయి. లోపలి గదుల గడపలకు రెండువైపులా వాలు చెక్కలు చేయిస్తే దిగి ఎక్కుతుంది. అవి తీసి పెట్టుకునేవిగా ఉండాలి, దారిలో ఎప్పుడూ పడుంటే పెద్దవాళ్ల కాలికి తగులుతాయి. సింహద్వారం గడపకు మాత్రం ఏమీ పెట్టకు, శుక్రవారం ఆమె పసుపు రాసి కుంకుమ పెట్టే చోటు అది. దేవుడి గది మ్యాపులో పూర్తిగా మూసేయి. పీట ముందు ముగ్గును ఒక్క చుట్టులో పీల్చేస్తుంది, ఆ ముగ్గుపిండీ అగరుబత్తి బూడిదా మెత్తటివి, ఫిల్టరును ఇట్టే మూసేస్తాయి.

దీపాల విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. మొన్న కాదు, అటు మొన్నటి దీపావళికి సాయంత్రం హాల్లో గోడ వెంబడి ప్రమిదలు వరుసగా పెట్టి, వెలిగించి నేను వంటింట్లోకి వెళ్లాను. రోజూ ఆరింటికి బయల్దేరేలా పెట్టి ఉంచిన సంగతి నాకు గుర్తే లేదు. అది వచ్చి రెండు ప్రమిదల్ని తోసేసింది. అదృష్టం బాగుండి వత్తులు ఆరిపోయాయి, కానీ నువ్వుల నూనె దాని చక్రాలకు అంటుకుని హాలంతా చారలు చారలుగా పరుచుకుంది. మీ పెదనాన్న కాలు జారి తలుపు పట్టుకుని ఆగారు. ఆ రోజు ఆయన పడి ఉంటే అన్న ఊహకే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పండగ రోజుల్లో, కార్తీకమాసం నెలంతా, వ్రతాలప్పుడు, యాప్‌లో టైమింగ్ ఆపడం ఒక్కటే చాలదు, దాని ఒంటి మీదున్న స్విచ్ కూడా ఆపేయి.

మీ అత్తగారు మధ్యాహ్నం చాప వేసుకుని కింద పడుకుంటారు కదా. 2015లో దక్షిణ కొరియాలో ఒకావిడ నేల మీద నిద్రపోతుంటే ఇలాంటి యంత్రం జుట్టు లాగేసింది, అత్యవసర సహాయ సిబ్బంది వచ్చి విడిపించాల్సి వచ్చింది. ఒంటి గంట నుంచి నాలుగు వరకు దాని జోలికి పోవద్దు. ఆవిడ టిఫిన్ చేసి మంచం మీద టీవీ చూసే వేళకు పెట్టుకో. నల్ల రోబో అయితే పైన ఎర్ర టేపు ముక్క అంటించు, చూపు మందగించిన వాళ్లకు అది దూరం నుంచే కనబడాలి. ఆపే బటన్ ఆవిడ చేత నాలుగుసార్లు నొక్కించు. ఇల్లు ఆవిడది కూడా, భయపడుతూ తిరగకూడదు.

బాబు ఆయాసం కోసమే కొన్నావని నాకు తెలుసు. అందుకే చెత్త డబ్బా ఇంట్లో దులపకు. బాల్కనీలో, మాస్కు పెట్టుకుని, వాడు స్కూల్లో ఉన్నప్పుడు రోజూ ఖాళీ చేయి. ఫిల్టరు కడగొచ్చని దాని పుస్తకంలో ఉంటేనే కడుగు, కడిగాక కనీసం 24 గంటలు నీడలో ఆరనివ్వు. నేను ఒకసారి తొందరపడి తడిగానే పెట్టేశాను, నాలుగో రోజుకు ఇల్లంతా బూజు వాసన, పీల్చడం కూడా సగానికి పడిపోయింది. అప్పటి నుంచి రెండో ఫిల్టరు కొని పెట్టుకున్నాను, ఒకటి ఆరుతుంటే ఇంకోటి పనిచేస్తుంది.

తడిగుడ్డ పెట్టే రకమైతే నీళ్ల ట్యాంకులో ఫినాయిల్ పోయకు, లోపలి రబ్బర్లు పాడవుతాయి. మా వీధి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, మొదటి వేసవికే నీళ్లు కారే రంధ్రాలు తెల్లగా గార కట్టాయి. తాగే క్యాన్ నీళ్లు ఒక గ్లాసు పోస్తే చాలు. మజ్జిగ ఒలికితే మాత్రం నువ్వే తుడువు, అది తడిని పీల్చేది కాదు. రోహిణి కార్తెలో బాల్కనీ ఎండ తగిలే చోట ఛార్జింగ్ డాక్ పెట్టకు, బ్యాటరీ త్వరగా చస్తుంది.

కెమెరా ఉన్నదా లేదా చూసుకో. 2024లో అమెరికాలో కొందరి ఇళ్లలో ఇలాంటి యంత్రాలను బయటివాళ్లు హ్యాక్ చేసి, వాటి స్పీకర్లోంచి బూతులు తిట్టారు. పాస్‌వర్డ్ వేరే ఎక్కడా వాడనిది పెట్టు, పడకగదుల్లో మనుషులున్నప్పుడు తిప్పకు.

ఇక మీ ఇంట్లో పనిచేసే ఆమె. యంత్రం వచ్చింది కదా అని జీతం తగ్గించొద్దు, మాన్పించొద్దు. మూలలు, మెట్లు, బాత్రూమ్, ఫ్యాన్ రెక్కలు, కిటికీ ఊచలు, ఇవేవీ దానికి చేతకావు. మా ఇంటికి వచ్చే ఆమెకు ఊడ్చే వంగుడు తప్పింది, ఆ టైములో కిటికీలు తుడుస్తుంది, ఇల్లు ఇంతకు ముందెప్పుడూ ఇంత శుభ్రంగా లేదు. రోబో ఆన్ చేయడం, బ్రష్ విప్పడం ఆమెకు కూడా నేర్పించాను.

ఈ రాత్రికి నాలుగు లోపలి గడపల ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచి వాట్సాప్‌లో పెట్టు. ఇక్కడి వడ్రంగితో వాలు చెక్కలు చేయించి, వచ్చే శుక్రవారం పినాకిని రైల్లో వస్తూ తెస్తాను. అప్పటిదాకా హాలు వరకే తిప్పు.

మీ పెద్దమ్మ