అమ్మాయి విదేశాంగ శాఖలో చేరాలంటే ఏ ట్రైనింగ్ ఇప్పించాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తున్నాం. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం. విదేశాంగ శాఖలో చేరతానంటోంది. ఆన్‌లైన్‌లో ఆరు నెలల డిప్లొమసీ ట్రైనింగుకు రెండు లక్షలు అడుగుతున్నారు. అది మేలా, ఢిల్లీలో ఎంఏ మేలా, అప్పు చేసైనా విదేశానికి పంపాలా? ఇంజినీరింగ్ చదివించలేదని చుట్టాలంతా నన్నే అంటున్నారు.

జవాబు: ముందు ఆ రెండు లక్షలు కట్టకండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే తిరిగి అడగండి.

సివిల్స్‌లో ర్యాంకు తెచ్చుకుని ఐఎఫ్‌ఎస్‌కు, అంటే ఇండియన్ ఫారిన్ సర్వీస్‌కు ఎంపికయ్యాకే అసలు ట్రైనింగ్ మొదలవుతుంది. ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు, తర్వాత ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్. ఒక విదేశీ భాష కేటాయించి, అది మాట్లాడే దేశానికి పంపుతారు. ఆ భాషలో పాసైతేనే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఇదంతా ప్రభుత్వం జీతమిచ్చి నేర్పే పని. ముందే డబ్బు కట్టి కొనుక్కునేది కాదు.

ఈ సర్టిఫికెట్ల మోజు చూస్తే నాకు భయమేస్తోంది. నిరుడు అమలాపురంలో ఒక అమ్మాయి ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చింది. అందులో పదకొండు సర్టిఫికెట్లు. మోడల్ యూఎన్ సమావేశాలు (ఐక్యరాజ్యసమితిలో మాట్లాడినట్టు విద్యార్థులు చేసే నమూనా చర్చలు), వారం రోజుల వర్క్‌షాపులు, అన్నింటికీ ఫీజులు కట్టారు. మీ వీధి నుంచి కువైట్ ఎంతమంది వెళ్లారమ్మా అంటే, వేళ్లు మడిచి లెక్కపెట్టి ఏడుగురంది. వాళ్లలో సొంత పిన్ని కూడా ఉంది. పిన్ని పాస్‌పోర్టు యజమాని లాగేసుకుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడిగాను. తెలీదంది. తప్పు ఆ పిల్లది కాదు. జీతం ఎగ్గొట్టారన్న ఫిర్యాదులు వినడం, అక్కడ చనిపోయినవాళ్లను ఇంటికి చేర్చే కాగితాలు చూడటం కూడా ఎంబసీ పనేనని పదకొండు చోట్లలో ఒక్కచోటా చెప్పలేదు. నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుంది, కాదనను. అది కాలేజీ డిబేట్‌లో ఊరికే వస్తుంది.

ఎంఏ అంటారా, ఢిల్లీ జేఎన్‌యూలో 1955 నాటి పునాది ఉన్న అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు ఉంది. ప్రైవేటు యూనివర్సిటీలతో చూస్తే ఫీజు నామమాత్రం. హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో అరబిక్, ఫ్రెంచ్ నేర్పుతారు. విదేశాల్లో ఈ చదువుకు జెనీవా, వియన్నా గొప్ప చోట్లే. స్కాలర్‌షిప్ వస్తే సంతోషంగా పంపండి, చెరువు తాకట్టు పెట్టి మాత్రం వద్దు. అక్కడి డిగ్రీ ఉందని సివిల్స్‌లో ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయరు.

ఇక మీ సంగతి. చుట్టాలు ఏమంటున్నారో రాశారు. అమ్మాయి ఇది ఎందుకు కావాలనుకుంటోందో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు రొయ్య రేటు గురించి మీ ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో ఆ పిల్ల చూసే ఉంటుంది. ఎక్కడో కూర్చుని సంతకం పెడితే మన చెరువు గట్టు మీద ఏమవుతుందో తెలిసిన పిల్ల ఆ చదువు కోరుకుంటే, ఇంజినీరింగ్ పోయిందని మీరు బాధపడటం ఏం న్యాయమండీ?

సివిల్స్ రాకపోతే ఏంటన్నదే మీ అసలు భయం. ఎంతోమందికి రాదు, నిజమే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీవాళ్లకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష రాస్తే అదే విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులున్నాయి. వాళ్లనూ ఎంబసీలకు పంపుతారు. ఒక విదేశీ భాష గట్టిగా వస్తే అనువాదం ఉంది, ఎగుమతి కంపెనీలున్నాయి. ఇంట్లో కూర్చోబెట్టే చదువు కాదిది. మీరు ఆ పిల్లకు అన్యాయమేమీ చేయలేదు.

అమ్మాయికి ఒక పని చెప్పండి. ఫ్రెంచివాళ్లు 1954లోనే యానాం వదిలేశారు. చట్టప్రకారం అది మన దేశంలో కలిసింది మాత్రం 1962లో. ఆ ఎనిమిదేళ్లు ఢిల్లీకీ పారిస్‌కీ మధ్య ఏం నడిచిందో లైబ్రరీలో వెతికి, నాలుగు పేజీలు సొంతంగా రాసి నాకు పంపమనండి. చదివి, జవాబు ఆమెకే రాస్తాను.