తప్పు చేయకుండానే సారీ రాసిచ్చాను

ప్రశ్న: నా వయసు 31. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు ఐసీయూలో సీనియర్ స్టాఫ్ నర్స్‌ని. నెలలో సగం నైట్ డ్యూటీలే. రెండు నెలల క్రితం ఒక రాత్రి వెంటిలేటర్ మీదున్న ఇద్దరు పేషెంట్లను నేనొక్కదాన్నే చూస్తున్నాను. వాళ్లలో ఒక పెద్దాయన తెల్లవారుజామున చనిపోయారు. వాళ్ల బంధువులు లోపలికి దూసుకొచ్చి ‘ఇన్ని లక్షలు గుంజి చంపేశారు’ అంటూ నన్ను గోడకేసి నెట్టారు. మర్నాడు సూపరింటెండెంట్ మేడమ్ పిలిచి, వాళ్లతో మాట్లాడిన తీరు బాగాలేదని నాతోనే సారీ లెటర్ రాయించుకున్నారు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఇంట్లో వాషింగ్ మెషీన్ బీప్‌మన్నా మానిటర్ అలారమనుకుని పరిగెడుతున్నాను. నాలుగేళ్ల పాపని ఊరికే కసురుతున్నాను. ఇంట్లో ‘గొడవైంది’ అని మాత్రమే చెప్పాను, నెట్టిన సంగతి చెప్పలేదు. మా ఆయన మానెయ్యమంటారు. మా అత్తయ్యేమో ‘ఊరందరికీ సెలైన్లు పెడుతుంది, సొంత పిల్లకి జ్వరమొస్తే దగ్గరుండదు’ అంటారు. ఫ్లాట్ ఈఎంఐలో సగం నా జీతమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రిలోనే ఉన్నాయి. నా ఫ్రెండ్ జర్మనీ వెళదామంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఉద్యోగం గురించి ఇంత రాశారు గానీ, ‘నాకు నర్సు పని వద్దు’ అని ఎక్కడా అనలేదు. జీతం చాలదనీ అనలేదు. బాధంతా ఆ ఒక్క కాగితం చుట్టూ తిరుగుతోంది. నెట్టినవాళ్లని ఏదో ఒకరోజు మర్చిపోయేవారేమో. ఏడేళ్లు పనిచేసిన చోట, మీ వెనక నిలబడాల్సినవాళ్లే మీ చేతికి పెన్నిచ్చి తప్పు మీదేనని రాయించుకున్నారు. దెబ్బ అక్కడ తగిలింది. అందుకే మానెయ్యాలా వద్దా అన్నది కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ రాత్రి గురించి మాట్లాడుకుందాం.

మీరు రాయని ప్రశ్న ఒకటి మీ ఉత్తరంలో నాకు వినిపించింది. ‘నేను రెండో బెడ్ దగ్గర ఉండకపోతే ఆయన బతికేవారా?’ అని రోజూ మిమ్మల్ని మీరే నిలదీసుకుంటున్నట్టున్నారు. వెంటిలేటర్ మీదున్న ఒక్కో పేషెంట్‌కి ఒక్కో నర్సు ఉండాలన్నది మీ చదువులో నేర్పిన లెక్కే. ఆ రాత్రి ఇద్దరిని మీ ఒక్కరికి అప్పగించింది మీరు కాదు, డ్యూటీ రోస్టర్ వేసినవాళ్లు. మీకున్నవి రెండు చేతులు. ఒక బెడ్ దగ్గర ఆ రెండూ పనిలో ఉంటే ఇంకో బెడ్ దగ్గరికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్దాయన ప్రాణం పోవడానికి ఆయన జబ్బు కారణమా, ఇంకేమైనానా అన్నది కేస్ షీట్ చూసి వైద్యులు చెప్పాలి. నిద్రలేని బుర్రతో మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

మా నాన్నగారి చివరి పది రోజులు ఐసీయూ బయట కుర్చీలో గడిపినదాన్ని నేను. పొద్దున్న రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు అయిదు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయేవారు. బిల్లు వేసేవాళ్లు కింది అంతస్తులో, అద్దం వెనక. రాత్రి మూడింటికి తలుపు తోస్తే ఎదురుగా కనబడేది నర్సమ్మ ఒక్కతే. డబ్బు పోయిందన్న కోపం, మనిషి దక్కడన్న భయం, అన్నీ ఆ అమ్మాయి మీదే పడతాయి. నేనూ ఒక రాత్రి ఒకమ్మాయి మీద అరిచాను. ఆమె ఏమీ అనలేదు. లోపలికెళ్లి, మా నాన్న ఎండిపోయిన పెదాలకి తడి గాజుగుడ్డ అద్ది, నాకు కనబడేలా కర్టెన్ కొంచెం పక్కకి జరిపింది. ఆ అమ్మాయికి సారీ చెప్పాల్సింది నేను. మీ దగ్గర అది తిరగబడింది.

ఇక ఆ లెటర్ సంగతి. అది ఫైల్లో ఒంటరిగా ఉండకూడదు. దాని పక్కన మీ మాట కూడా ఉండాలి. తేదీ, డ్యూటీ వేళలు, మీ చేతిలో ఎంతమంది పేషెంట్లున్నారు, ఎన్నింటికి డాక్టరుని పిలిచారు, ఎవరు లోపలికొచ్చారు, ఎవరు చూశారు, సెక్యూరిటీ ఎప్పుడొచ్చారు, మర్నాడు ఎవరు ఏమని రాయించుకున్నారు... ఇవన్నీ కోపం లేకుండా, నర్సెస్ నోట్స్ రాసినట్టే వరుసగా రాయండి. దాన్ని నర్సింగ్ సూపరింటెండెంట్‌కీ, హెచ్ఆర్‌కీ మెయిల్ చేసి, నా ఫైల్లో పెట్టండి అని అడగండి. ఒక కాపీ మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. పేషెంట్ పేరు, రిపోర్టులు మాత్రం అందులో పెట్టవద్దు, బెడ్ నంబరు చాలు. గోడ మీద ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థ) సర్టిఫికెట్ ఉన్న ఆసుపత్రి అయితే, సిబ్బంది ఫిర్యాదు వినడానికి ఒక పద్ధతి అక్కడ ఉండి తీరాలి. అది ఎక్కడుందో హెచ్ఆర్‌ని రాతపూర్వకంగానే అడగండి. ఇకమీదట ఇద్దరు వెంటిలేటర్ పేషెంట్లను ఇస్తే, డ్యూటీ మొదట్లోనే సూపర్‌వైజర్‌కి ఒక మెసేజ్ పెట్టండి: ‘ఈ రాత్రి నాకు ఇద్దరు, సహాయం కావాలి’ అని. గొడవపడక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం ఉంటే చాలు.

నర్సు మీద చెయ్యి వేయడం చిన్న నేరం కాదని మీకెవరూ చెప్పి ఉండరు. వైద్య సిబ్బంది మీద దాడులను అరికట్టడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. అందులో డాక్టర్లతో పాటు నర్సులూ, నర్సింగ్ విద్యార్థులూ ఉన్నారు. మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా పడొచ్చు. రెండు నెలల తర్వాత కేసు పెట్టమని నేను పట్టుబట్టను. తండ్రి పోయిన ఇంటి మీదికి పోలీసుల్ని పంపడం మీకే ఇష్టం లేకపోవచ్చు. ఆ నిర్ణయం మీది. కానీ ఆ రాత్రి ఫిర్యాదు చేయాల్సిన పెద్దలు మీ చేత సారీ రాయించారన్న సంగతి మీకు స్పష్టంగా తెలియాలని చెబుతున్నాను.

నిద్ర గురించి. శబ్దం వినగానే ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు రావడం రెండు నెలలు దాటినా తగ్గలేదంటే అది ఓర్చుకోవాల్సిన టెన్షన్ కాదు, చికిత్స తీసుకోవాల్సిన విషయం. మానసిక వైద్యులకు చూపించుకోండి. మీ ఆసుపత్రిలో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందన్న బెరుకు ఉంటే బయట చూపించుకోండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే మనవాళ్లు నవ్వుతారు గానీ, అక్కడి ఓపీలో కూర్చునేది మీలాంటి, నాలాంటి మామూలు మనుషులే. అంతవరకూ ఆగలేని రాత్రి వస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: వార్డులో చేతికందే నిద్రమాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు. నైట్ దిగాక స్కూటీ మీద ఇంటికి రావద్దు. బస్సులోనో మెట్రోలోనో రండి.

మీ ఆయన సంగతి. ఆయన మానెయ్యమన్నప్పుడు, ఏడేళ్ల కష్టాన్ని ఒక్క మాటతో తీసిపారేశారని మీకు అనిపించి ఉంటుంది. కానీ ఆయనకి తెలిసిందల్లా ‘గొడవైంది’ అన్న ఒక్క మాటే. భార్య నిద్రపోవడం లేదు, పాపని కసురుతోంది, కారణం తెలియదు. ఆ స్థితిలో ఏ మనిషికైనా నోటికొచ్చేది ఆ మాటే. మిమ్మల్ని గోడకేసి నెట్టారని, ఆ తర్వాత డ్యూటీ ఎలా పూర్తి చేశారో ఆయనకి తెలియదు. చెప్పండి. సలహా అడక్కుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘ఏం చేయాలో తర్వాత చూద్దాం, ముందు విను’ అని మొదలుపెట్టండి. చెప్పకుండా దాచింది ఆయన బాధపడతాడని అయ్యుండొచ్చు. దాచినందువల్ల ఆయన వేరే తోవలో బాధపడుతున్నాడు, అంతే.

అత్తగారి మాట నొప్పించేదే, కాదనను. అయితే మీరు డ్యూటీలో ఉన్న రాత్రుల్లో పాపకి తడిగుడ్డ వేసి కూర్చున్నది ఆవిడే కదా. ఆ అలసట ఆవిడ నోట ఎత్తిపొడుపుగా వస్తోంది. నైట్ల షీట్ చేతికి రాగానే ఫ్రిజ్ మీద అతికించండి. నైట్ దిగిన మర్నాడు మీ నిద్ర అయ్యాక పాప పని మీదేనని, ఆ సాయంత్రం ఆవిడ గుడికో, చెల్లెలింటికో వెళ్లొచ్చని చెప్పండి. ‘మీరుండబట్టే నేను డ్యూటీకి వెళ్లగలుగుతున్నానత్తయ్యా’ అన్న మాట ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు అన్నారో గుర్తు చేసుకోండి.

ఇప్పుడు ఉద్యోగం. మానేసినా మానకపోయినా మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందు ఇంటికి రావాలి. అవి మీ సొత్తు. తాకట్టు వస్తువులా బీరువాలో పెట్టుకునే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు, సర్టిఫికెట్లు పట్టుకుని నర్సుల్ని కట్టిపడేసే ఈ బాండు పద్ధతిని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా ఏనాడో తప్పుపట్టింది. రిజైన్ మాట ఎత్తకముందే, రిజిస్ట్రేషన్ రెన్యువల్ పని ఉందో, ఏ ఉద్యోగానికి అప్లై చేస్తున్నారో, మీకు నిజంగా ఉన్న అవసరం చెప్పి మెయిల్‌లో అడగండి. ఏడేళ్లు చేశారు కాబట్టి, మానేస్తే గ్రాట్యుటీ మీకు రావాలి. బేసిక్, డీఏ కలిపి 18 వేలు అనుకుంటే సుమారు 72 వేలు అవుతుంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్, పీఎఫ్ బదిలీ, నోటీసు కాలం ఇవన్నీ మామూలు పనులే గానీ, కోపంలో బయటికొచ్చేస్తే ఒక్కోదానికి పదిసార్లు తిరగాలి. నైట్ దిగిన రోజు రిజిగ్నేషన్ రాయకండి.

నా అభిప్రాయం అడిగితే, ముందు ఐసీయూ నుంచి కొన్నాళ్లు మార్చమని అడగండి. డయాలసిస్, డే కేర్, ఓపీ, ఇన్ఫెక్షన్ కంట్రోల్... ఏడేళ్ల ఐసీయూ అనుభవం ఉన్న మనిషి ఎక్కడైనా పనికొస్తారు. డాక్టరు రాసిచ్చిన కాగితం తోడుంటే అడగడం తేలిక. మూడు నెలలు చూసి, మీ మెయిల్‌కి జవాబూ లేక, మార్పూ ఇవ్వకపోతే, అప్పుడు వేరే చోటు చూసుకోండి. నేనైతే అక్కడ ఇంకో ఏడాది ఉండమనను. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఉండాలంది. చాలాచోట్ల అది కాగితం మీదే ఆగిపోయింది. ప్రభుత్వ స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్ వస్తే వయసు దాటకముందే రాయండి.

జర్మనీకి వెళ్లడం తప్పు కాదు. అయితే జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత నేర్చుకోవాలి, ఉద్యోగం చేస్తూ అది తేలిక కాదు. పాపని కొంతకాలమైనా వదిలి ఉండాలి. పారిపోవడానికి వెళితే ఆ బీప్ శబ్దం అక్కడి ఐసీయూలోనూ ఉంటుంది. నిద్ర కుదుటపడ్డాక, ఇష్టపడి వెళ్లాలనిపిస్తే టామ్‌కామ్ ఉంది, అది తెలంగాణ ప్రభుత్వ సంస్థే, అక్కడ విచారించండి. రిజిస్టర్ అయిన ఏజెంటు ఎవరైనా సర్వీస్ చార్జీగా 30 వేలు, దానిమీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. లక్షల్లో అడిగినవాడికి మీ సర్టిఫికెట్లు మళ్లీ అప్పగించకండి.

ఈ పనులన్నీ ఒకేసారి నెత్తినెత్తుకోవద్దు. ఈ వారం ఒక్కటే: మీ ఆయనతో మాట్లాడటం. నైట్ లేని రోజు చూసుకుని, పాప పడుకున్నాక కూర్చోండి. మధ్యలో వాషింగ్ మెషీన్ మోగితే మీరు లేవకండి. బట్టలు ఆయన ఆరేస్తారు.