కోవూరు వరిచేను గురించి

కావలి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ తాతగారి జీవితం మీద నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి కోపంతో చదివాను.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. పన్నెండేళ్ళ మీ తాతగారు తండ్రి చెయ్యి పట్టుకుని ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ కాలినడకన దాటి, అక్యాబ్‌లో ఓడెక్కి చిట్టగాంగ్ చేరారు. ఇంతవరకు నూట నలభై పేజీలు. ఆ తర్వాత? ‘కాలక్రమంలో ఆయన గణాంక శాఖలో చేరి 1988లో పదవీ విరమణ చేశారు.’ ముప్ఫై రెండేళ్ళ కొలువుకు ఒక్క వాక్యం! దాని పక్కనే ‘లెక్కలో లేనివాడే లెక్కలు వేశాడు’ అన్న మెరుపు. ఆ మెరుపు ఈ రోజే కొట్టెయ్యి. అది రాయడానికి నీకు మీ తాతగారితో పనే లేదు.

నడక ఆయన మీద వచ్చిపడింది. ఉద్యోగం ఆయన చేశాడు. నాకు కావలసింది ఆ చేసిన మనిషి.

ఆ మనిషి ఒక్కచోట కనిపించాడు, కోవూరు వరిచేలో. దిగుబడి అంచనా కట్టే పంట కోత ప్రయోగానికి, ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా ఎంచిన ర్యాండమ్ నంబర్ల ప్రకారం నైరుతి మూల నుంచి అడుగులు కొలుచుకుంటూ వెళితే, మేకు దిగాల్సిన చోట పైరు పడిపోయి ఉంది. ‘నాలుగడుగులు ఇటు జరపండి సార్, ఏం పోయింది’ అన్నాడు కరణం. ఆయన జరపలేదు. మూడు పంక్తుల్లో రాసి వెళ్ళిపోయావు! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేనూ ఒకసారి మిత్రుడి వెంట బుచ్చిరెడ్డిపాలెం వైపు ఆ పని చూడటానికి వెళ్ళాను. అయిదు మీటర్ల చదరం, నాలుగు మేకులు, ఒక తాడు. తాడు లోపలిదంతా కోసి, అక్కడే నూర్చి, తాలు ఎగరేసి కాటా వేస్తారు. కొంత గింజ ఎండబెట్టి మళ్ళీ తూస్తారు. ఆ చదరానికి నాలుగు వందల రెట్లు హెక్టారు. తూకంలో వంద గ్రాములు తప్పితే కాగితం మీద నలభై కిలోలు తప్పుతుంది. మేకు జరపకపోవడం ఎందుకంత పెద్ద విషయమో ఇప్పుడు అర్థమైందా? మంచి పైరులోకి జరిపితే ఆ ఊరికి లేని పంట ఉన్నట్టు రాసినట్టే. పంట పోయిందని రైతులు వచ్చి మొరపెట్టుకుంటే ఆ కాగితమే వాళ్ళకు అడ్డం నిలుస్తుంది.

ఇంకొకటి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి విడిపోయాయి. అంటే నెల్లూరు పాత పట్టికలను కొత్త వాటితో నేరుగా పోల్చడానికి వీల్లేదు. ఆ శాఖలో కూర్చున్న మనిషికి ఆ ఏడాది ఎలా గడిచి ఉంటుంది? నీ పుస్తకంలో 1970 అనే సంవత్సరమే లేదు. (అదే కందుకూరు 2022లో మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. ఆయన ఉంటే ఏమనేవారో!)

పని గురించి రాస్తే పాఠకుడు పారిపోతాడని నీకెవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. మా నాన్న టంగుటూరు దగ్గర పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకును మంట వేడికి ఎండబెట్టే కొట్టంలో, పనిచేసేవాడు. ఆకు పసుపు తిరిగి, ఈనె ఎండేదాకా అయిదారు రోజులు థర్మామీటరు చూస్తూ రాత్రులు మేలుకునేవాడు. ఆ రాత్రుల మీద కథ రాస్తే ఒక సంపాదకుడు బ్యారన్ అంతా తీసేసి, మొగుడూ పెళ్ళాల తగాదా మాత్రం అచ్చువేశాడు. పత్రిక తెచ్చి నాన్నకు చదివి వినిపించాను. ‘మరి మంట ఎవరు చూస్తున్నారురా?’ అన్నాడు. నలభై ఏళ్ళయింది. ఆ సంపాదకుణ్ణి నేను ఈనాటికీ క్షమించలేదు.

ప్రచురణకర్తల గురించి, ముందుమాట గురించి అడిగావు. అవి తర్వాత. మీ అమ్మమ్మ దగ్గర తాతగారి డైరీలు ఉన్నాయన్నావు కదా, ముందు కోవూరు పేజీ ఫోటో తీసి పంపు. ఆ రోజు ధాన్యం ఎంత తూగిందో రాసుకున్నారేమో చూడాలి.