క్లస్టర్ తలనొప్పికి మ్యాజిక్ మష్రూమ్స్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. ఉండేది కూకట్‌పల్లి. మూడు వారాలుగా రోజూ రాత్రి రెండింటికి కుడి కంట్లో గునపం దింపినంత నొప్పితో మెలకువ వస్తోంది. గంటసేపు కూర్చోలేను, పడుకోలేను. కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. క్లస్టర్ తలనొప్పి అన్నారు. కాన్సన్‌ట్రేటర్‌తో ఆక్సిజన్ పెట్టుకున్నా తగ్గలేదు. మ్యాజిక్ మష్రూమ్స్‌తో పోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: దయచేసి వాడకండి. అలాగని మీ ఫ్రెండ్‌ది ఉత్త గాలి మాట కాదు. ఆ పుట్టగొడుగుల్లో సైలోసైబిన్ అనే భ్రాంతులు కలిగించే రసాయనం ఉంటుంది. దాన్నో, అలాంటిదే అయిన ఎల్ఎస్‌డీ మత్తుమందునో వాడిన 53 మంది క్లస్టర్ రోగుల అనుభవాలను అమెరికా పరిశోధకులు 2006లో ప్రచురించారు. చాలామంది ఉపశమనం దొరికిందన్నారు. తర్వాత యేల్ యూనివర్సిటీలో శరీర బరువును బట్టి కొలిచిన సైలోసైబిన్‌ను ఐదేసి రోజుల తేడాతో మూడుసార్లు ఇచ్చి చూశారు. నొప్పులు కొంత తగ్గినట్టు కనిపించినా, పాల్గొన్నది కొద్దిమందే కాబట్టి అది మందు ప్రభావమేనని 2022 నాటి ఆ ఫలితాలు తేల్చలేకపోయాయి. పైగా ఈ నొప్పులు చాలామందిలో కొన్ని వారాలో, నెలలో వేధించి వాటంతటవే కొన్నాళ్లు ఆగిపోతాయి. ఆ చివర్లో ఏది మింగినా అదే పనిచేసిందనిపిస్తుంది.

బయట దొరికే ఎండు పుట్టగొడుగులో మందు ఎంతుందో ఎవరూ చెప్పలేరు. విషపు రకం కలిస్తే లివర్ పాడవుతుంది. క్లస్టర్‌కు ఇచ్చే లిథియంతో కలిస్తే ఫిట్స్ రావచ్చు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉంటే ఇంకా ప్రమాదం. 1985 నాటి మత్తుమందుల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద జైలు కూడా.

మీకు ఆక్సిజన్ పనిచేయలేదనడం తొందరపాటు. అసలు అందాల్సినంత అందనే లేదు. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్, ఇళ్లలో వాడేది ఎక్కువగా నిమిషానికి 5 లీటర్లే ఇస్తుంది. మీకు కావాల్సింది 12 నుంచి 15. డాక్టర్ చీటీతో సిలిండర్, 15 లీటర్ల దాకా చూపే ఫ్లోమీటర్, సంచి ఉన్న నాన్‌రీబ్రీదర్ మాస్క్ తెచ్చుకోండి. ముక్కులో పెట్టే సన్న గొట్టాలు దీనికి పనికిరావు. ముందు సంచి నిండనిచ్చి, అప్పుడు మాస్క్ బిగించండి. ఊపిరి పీల్చినప్పుడల్లా సంచి పూర్తిగా అణిగిపోతుంటే ఫ్లో చాలట్లేదని అర్థం. పక్కనుంచి గాలి పోతున్నా ఫలితం ఉండదు. నొప్పి మొదలైన వెంటనే కూర్చుని 15-20 నిమిషాలు పీల్చాలి, సగం నొప్పి గడిచాక కాదు. 1,500 లీటర్ల బీ టైప్ సిలిండర్ ఇలా ఐదారు సార్లకు సరిపోతుంది. ఆ గదిలో సిగరెట్, అగరుబత్తి, దీపం ఏవీ వెలగకూడదు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పండి.

దీనికీ లొంగకపోతే చర్మం కింద ఇచ్చే సుమాట్రిప్టాన్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఉంది. గుండె జబ్బు ఉన్నవారికి ఇవ్వరు. నొప్పులు రాకుండా వెరపమిల్ వాడతారు. మొదలుపెట్టే ముందు, డోసు పెంచిన ప్రతిసారీ ఈసీజీ తప్పనిసరి, ఎందుకంటే ఈ మందు గుండె లయను నెమ్మదింపజేస్తుంది. వెరపమిల్ పనిచేయడం మొదలయ్యేదాకా కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇస్తారు. ఎంఆర్ఐ తీయకపోతే ఒకసారి తీయించుకోండి. పంజాగుట్ట నిమ్స్ న్యూరాలజీ ఓపీలోనైనా, మీకు దగ్గర్లోని న్యూరాలజిస్టు దగ్గరైనా ఈ వారమే చూపించుకోండి. ఈ నొప్పులు వచ్చే రోజుల్లో మద్యం చుక్క కూడా ముట్టొద్దు, గంటలోపే నొప్పి రప్పిస్తుంది. జ్వరం, చూపు మసకబారడం, చెయ్యి పట్టు తప్పడం ఉంటే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

సిలిండర్ మంచం పక్కనే ఉంచి, రెగ్యులేటర్ పడుకునే ముందే బిగించి చూసుకోండి. రాత్రి రెండింటికి ఆ నొప్పిలో స్పానర్ వెతకడం ఎవరి వల్లా కాదు.