అగ్రికల్చర్ చదివే అమ్మాయికి శాటిలైట్ చిత్రాల రంగం సరిపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. శాటిలైట్ చిత్రాలను ఏఐతో విశ్లేషించే పనిలోకి వెళ్తానంటోంది. అది కంప్యూటర్ సైన్స్ పిల్లల పని కదా అంటున్నారు మా వాళ్లు. ఒక ప్రైవేటు సంస్థ ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతోంది. చేర్పించమంటారా? – ఒక తల్లి, అమలాపురం

జవాబు: ఆ లక్షన్నర ఇప్పుడే కట్టకండమ్మా. ఈ రంగంలో మొదట నేర్చుకోవాల్సిన పాఠాలను డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే చెబుతుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. ఆ కోర్సులు ఒకటి రెండు పూర్తిచేశాక కూడా మీ అమ్మాయికి ఆసక్తి నిలిస్తే అప్పుడు ఖర్చు సంగతి ఆలోచించవచ్చు.

మీ వాళ్ల మాట ఒకప్పుడైతే నిజమే. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 దాకా కొనుక్కోవాల్సి వచ్చేది. కొన్నా వాటిని దాచడానికి, లెక్కలు వేయడానికి పెద్ద కంప్యూటర్లు కావాలి. 2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరున్నర లక్షల ల్యాండ్‌శాట్ చిత్రాలతో ప్రపంచ అడవుల పటం తయారుచేశారు. శాటిలైట్ చిత్రాలను గూగుల్ కంప్యూటర్ల మీదే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో పది వేల కంప్యూటర్లు ఒకేసారి పనిచేయబట్టి అది రోజుల్లో తేలింది. ఇప్పుడు అదే ఎర్త్ ఇంజిన్‌ను చదువుకునే పిల్లలు బ్రౌజర్‌లో ఉచితంగా వాడుకుంటున్నారు. 2023 ఆగస్టులో నాసా, ఐబీఎం కలిసి శాటిలైట్ చిత్రాల కోసం ‘పృథ్వి’ అనే ఏఐ మోడల్‌ను ఎవరైనా వాడుకునేలా విడుదల చేశాయి (పేరు మనదే, మోడల్ మాత్రం వాళ్లది). అంటే కంప్యూటర్ బలం, కోడ్, మోడల్ అన్నీ అందుబాటులోకి వచ్చేశాయి. కొరతగా ఉన్నది, ఆ చిత్రంలో కనబడేది ఏమిటో చెప్పగలిగిన మనిషి.

మీ కోనసీమనే తీసుకోండి. సార్వాలో ఆకాశం నిండా మబ్బులే కాబట్టి మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి పొలం కనబడదు. అందుకే మబ్బుల్లోంచి చూడగలిగే రాడార్ ఉపగ్రహాలు వాడతారు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 అలాంటిదే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా–ఇస్రోల నైసార్ కూడా రాడారే, అది పన్నెండు రోజులకోసారి అదే చోటిని మళ్లీ చూస్తుంది. ఊడ్పుల సమయంలో మడిలో నీళ్లు నిలిచి ఉంటాయి. రాడార్ తరంగం ఆ నీటి మీద పడి పక్కకు జారిపోతుంది, వెనక్కి రాదు. అందుకని చిత్రంలో మడి నల్లగా కనిపిస్తుంది. పిలకలు వేసి చేను గుబురెక్కే కొద్దీ తెల్లబడుతుంది. చిక్కేమిటంటే పక్కనే ఉన్న రొయ్యల చెరువూ నల్లగానే కనబడుతుంది. ఒక్క చిత్రమే చూసే మోడల్‌కు రెండూ ఒకటే. సీజనంతా వరుసగా చూస్తే చెరువు నల్లగానే ఉండిపోతుంది, వరి మాత్రం తెల్లబడుతుంది. ఊడ్పులు లేకుండా విత్తనం వెదజల్లిన పొలంలో మొదట్లో నీరు నిలవదు కాబట్టి అక్కడ ఈ సూత్రం కూడా పనిచేయదు. స్వర్ణ రకం వరి కోతకు రావడానికి నూట యాభై రోజుల దాకా పడుతుంది, 1010 రకం నాలుగు నెలల్లోనే వచ్చేస్తుంది. ఈ తేడా తెలియని ప్రోగ్రామర్ రెండింటికీ ఒకే పెరుగుదల గీత గీస్తాడు. మీ అమ్మాయి గీయదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది కోడింగ్ వచ్చిన పిల్లలే ఎక్కువగా చేసే పొరపాటు. ఒకే పొలంలోని కొన్ని పిక్సెళ్లతో మోడల్‌కు నేర్పించి, అదే పొలంలోని మిగతా పిక్సెళ్లతో పరీక్ష పెడతారు. కచ్చితత్వం తొంభై ఎనిమిది శాతం అని వస్తుంది. అది నిజమైన మార్కు కాదు. ఒక మండలంలో నేర్పి మరో మండలంలో పరీక్షించాలి. అప్పుడు వచ్చే సంఖ్య కాస్త సిగ్గుపడేలా ఉన్నా ఇంటర్వ్యూలో దాన్నే చూపించమనండి.

నేర్చుకోవాల్సినవి పైథాన్ (కోడింగ్ భాష), క్యూజీఐఎస్ (పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్), ఎర్త్ ఇంజిన్, వాటితోపాటు స్టాటిస్టిక్స్. డీప్ లెర్నింగ్ ఆ తర్వాత. ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర్లేదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి చుట్టుపక్కల వంద పొలాల్లో ఏ పంట, ఏ రకం, ఎప్పుడు నాటారు అన్నది రాసుకోమనండి. ఆ వంద నమోదులతో తన మండలం వరి పటం తయారుచేస్తే చాలా సర్టిఫికెట్ల కంటే ఎక్కువ పలుకుతుంది.

పైచదువుకు నా మొదటి ఓటు ఐఐఆర్ఎస్ ఎంటెక్‌కే. అందులో వ్యవసాయం, నేలలకు ప్రత్యేక విభాగం ఉంది. డిగ్రీ ఇచ్చేది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఐఐటీ బొంబాయిలో వనరుల అధ్యయన కేంద్రం సీఎస్ఆర్ఈ, హైదరాబాద్ జేఎన్‌టీయూలో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ విభాగం కూడా చూడండి. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ (భూమి కొలతలు, పటాల శాస్త్రం) పేపర్ పెట్టారు. అగ్రికల్చర్ డిగ్రీని ఏ కోర్సుకు అనుమతిస్తారో ఆ ఏడాది ప్రకటన చదివాకే దరఖాస్తు చేయించండి.

ఉద్యోగాల మాటకొస్తే, హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఢిల్లీలోని మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రం ఈ పని చేసే చోట్లు. 2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో వరి, గోధుమ దిగుబడి లెక్కలోకి ఉపగ్రహ అంచనాలను కూడా తీసుకుంటున్నారు కాబట్టి బీమా, బ్యాంకు రుణాల వైపు పనిచేసే ప్రైవేటు సంస్థలకూ పంట తెలిసినవాళ్లు కావాలి. ప్రభుత్వ సంస్థల్లో పర్మనెంట్ పోస్టులు తక్కువే. మొదట రెండు మూడేళ్ల ప్రాజెక్టు పోస్టుతో మొదలవుతుందని ఇంట్లో అందరూ ముందే అనుకోవడం మంచిది. ‘జీఐఎస్ ఉద్యోగం’ (కంప్యూటర్ పటాల పని) అని పిలిచి రోజంతా ఇళ్ల చుట్టూ, రోడ్ల వెంట గీతలు గీయించే కొలువులూ ఉన్నాయి. ఆ గీతలు ఇప్పుడు మోడళ్లే గీస్తున్నాయి. ఆఫర్ వస్తే, రోజూ చేయాల్సిన పని ఏమిటో, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయాలో అడిగి, రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరమనండి.