కువైట్‌లో మన ఎంబసీ నిజంగా పనికొస్తుందా?

కువైట్‌లో ఇండియన్ ఎంబసీ ఎప్పటి నుంచి ఉంది, కష్టమొస్తే ఇంటిపనికి వెళ్లినవాళ్లని పట్టించుకుంటారా అని అడిగారు. పట్టించుకుంటారు. కాకపోతే వాళ్ల చేతిలో ఏముందో, ఏం లేదో తెలుసుకుని వెళ్లాలి. నేను అక్కడ చాలా ఏళ్లు డ్రైవర్‌గా చేశాను. మనవాళ్లకి తోడుగా ఎంబసీకి వెళ్తూ ఉండేవాణ్ణి.

1961లో కువైట్ స్వతంత్ర దేశమయ్యాక మన దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. అంతకుముందు మన తరఫున ట్రేడ్ కమిషనర్ ఉండేవారు. అదే ఏడు దినార్ వచ్చేదాకా అక్కడ చెల్లింది కూడా మన రూపాయే. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కణ్ణించి విమానాల్లో ఇంటికి చేరారు. మా కడప వైపు పాతవాళ్లు ఇప్పటికీ ఆ ఎడారి దారి గురించి చెబుతారు.

ఇక అసలు సంగతి. మా పక్క ఊరి అక్క ఒకామె ఖాదిం వీసా (ఇంటిపనివాళ్లకిచ్చే వీసా) మీద ఒక ఇంట్లో పనిచేసేది. నెలల తరబడి జీతం ఇవ్వకపోతే, ఓర్చుకోలేక టాక్సీ ఎక్కి ఎంబసీకి వచ్చేసింది. నేను వెళ్లేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో సివిల్ ఐడీ, అంటే కువైట్ గుర్తింపు కార్డు తప్ప ఏమీ లేదు. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఇల్లెక్కడ అంటే ఏరియా పేరు తప్ప ఇంకేం చెప్పలేకపోయింది, పాపం. లోపలున్న సారు కార్డు వెనక్కి తిప్పి చూశారు. బ్లాక్, వీధి, ఇంటి నంబరు అన్నీ అక్కడే ఉన్నాయి. పాస్‌పోర్ట్ నంబరు కోసం ఊళ్లో ఉన్న ఆమె భర్తకి ఫోన్ చేస్తే, వాట్సాప్‌లో ఫొటో పంపాడు. దాంతో ఫైలు కదిలింది.

ఎంబసీ వాళ్లు కఫీల్‌ని పిలిపించి మాట్లాడగలరు, కానీ అతని ఇంటికెళ్లి పాస్‌పోర్ట్ లాక్కురాలేరు. అది అక్కడి ప్రభుత్వం పని. అందుకే ఫిర్యాదు అక్కడి ఇంటిపనివాళ్ల విభాగానికి వెళ్లింది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం వారానికో రోజు సెలవివ్వాలి, మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోకూడదు. ఈ ముక్క తెలిసిన పనిమనిషి నాకు ఒక్కరు కూడా తగల్లేదు. ఏజెంట్లు చెప్పరు, చెప్పి తీరాల్సిన మాట ఇది.

కేసు తేలేదాకా అక్క ఎంబసీ షెల్టర్‌లోనే ఉంది. బాకీలో కొంత వచ్చింది, అంతా రాలేదు. పాస్‌పోర్ట్ మాత్రం రాలేదు, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ఇంటికొచ్చింది. మనవాళ్లు దాన్నే ఔట్‌పాస్ అంటారు, ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది. చేతిలో డబ్బు లేనివాళ్లకి టికెట్‌కి, చనిపోయినవాళ్లని ఊరికి పంపడానికి 2009లో మొదలుపెట్టిన కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అడగాలి, అర్జీ రాసివ్వాలి.

ఇల్లు వదిలాక ఎవరో పని చూపిస్తామన్నారని బయట కల్లివల్లిగా, అంటే కఫీల్‌ని వదిలేసి చట్టవిరుద్ధంగా, తిరగొద్దు. పనిమనిషి పారిపోయిందని కఫీల్ కేసు పెడితే తర్వాత ఎంబసీ పని కూడా కష్టమవుతుంది. సమస్య మొదలైనప్పుడే వెళ్లండి. బయల్దేరే ముందు పాస్‌పోర్ట్, వీసా, అగ్రిమెంట్ ఫొటోలు, అక్కడికెళ్లాక సివిల్ ఐడీ రెండువైపులా ఫొటో, ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి.